ఫార్ములా వన్‌లో టీమ్ ఆర్డర్స్: నిషేధించినా ఎందుకు ఆగలేదు?

క్లుప్తంగా

ఫార్ములా వన్‌లో ప్రతి జట్టుకూ ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఎవరు ముందుండాలో, ఎవరు వెనక్కి తగ్గాలో జట్టు చెప్పడమే టీమ్ ఆర్డర్. 2002లో ఆస్ట్రియా రేసు గొడవ తర్వాత దీన్ని నిషేధించారు. అమలు చేయలేక 2011 నుంచి ఆ నిబంధనను ఎత్తేశారు. 2025లో మెక్‌లారెన్ జట్టు తీసుకున్న ఒక నిర్ణయంతో చర్చ మళ్లీ మొదలైంది. గతంలో పెద్ద రభస జరిగిన ఆదేశాల్లో చాలావరకు టైటిల్‌ను మార్చలేదు. టైటిల్‌ను నిజంగా తాకినవి దాదాపు చప్పుడు లేకుండా జరిగిపోయాయి.

మోంజాలో మూడు పాయింట్లు

2025 డిసెంబర్ 7న అబుదాబీలో సీజన్ చివరి రేసు ముగిసేసరికి మెక్‌లారెన్ డ్రైవర్ లాండో నోరిస్ ఖాతాలో 423 పాయింట్లు, రెడ్‌బుల్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ ఖాతాలో 421 పాయింట్లు ఉన్నాయి. రెండంటే రెండు పాయింట్ల తేడాతో నోరిస్ తొలిసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తేడాను చూస్తే సరిగ్గా మూడు నెలల ముందు, సెప్టెంబర్ 7న ఇటలీలోని మోంజాలో జరిగినదాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఆ రేసులో వెర్‌స్టాపెన్ ఎవరికీ అందనంత ముందున్నాడు. నోరిస్ రెండో స్థానంలో, అతని సహచరుడు ఆస్కార్ పియాస్ట్రీ మూడో స్థానంలో ఉన్నారు. టైర్లు మార్చే వంతు వచ్చినప్పుడు ముందున్న కారును ముందు పిలవడం మామూలు పద్ధతి. కానీ వెనక నుంచి ఫెరారీ డ్రైవర్ షార్ల్ లెక్లెర్క్ వల్ల ముప్పు రాకుండా మెక్‌లారెన్ ఈసారి పియాస్ట్రీని ముందు పిలిచింది. దీనివల్ల తన స్థానం పోకూడదన్న షరతు మీద నోరిస్ ఒప్పుకున్నాడు. తీరా అతను టైర్లు మార్చే చోటైన పిట్‌లోకి వచ్చాక ముందు చక్రం బిగించడంలో ఇబ్బంది ఎదురై, రెండు రెండున్నర సెకన్లలో ముగియాల్సిన పనికి దాదాపు 6 సెకన్లు పట్టింది. అతను ట్రాక్ మీదికి తిరిగొచ్చేసరికి పియాస్ట్రీ ముందున్నాడు.

జట్టు పియాస్ట్రీని స్థానం తిరిగి ఇచ్చేయమంది. పిట్ స్టాప్ ఆలస్యం కావడం రేసింగ్‌లో భాగమేనని ముందే అనుకున్నాం కదా, ఇప్పుడు ఏం మారిందని అతను రేడియోలోనే అడిగాడు. అడిగి, దారిచ్చాడు. అప్పటికి చాంపియన్‌షిప్‌లో మొదటి స్థానంలో ఉన్నది పియాస్ట్రీయే. నోరిస్ కంటే 34 పాయింట్లు ముందున్నవాడు ఆ రేసు తర్వాత 31 పాయింట్ల ఆధిక్యంతో మిగిలాడు.

రెండో స్థానానికి 18 పాయింట్లు, మూడో స్థానానికి 15. స్థానాలు మారకపోయి ఉంటే, మిగతా రేసులన్నీ అలాగే జరిగాయని అనుకుంటే, సీజన్ చివర్లో నోరిస్‌కు 420 పాయింట్లు ఉండేవి. వెర్‌స్టాపెన్ 421తో చాంపియన్ అయ్యేవాడు. ఒక్క రేసు ఫలితం మారితే తర్వాతి రేసుల్లో అందరి నిర్ణయాలూ మారతాయి కాబట్టి ఇది కచ్చితమైన రుజువు కాదు. కానీ ఆ మూడు పాయింట్లు మెక్‌లారెన్ ఇంటి వ్యవహారంగా మిగిలిపోలేదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

జట్టు పాయింట్లు పెరగవు, మరెందుకు ఈ ఆదేశాలు?

టీమ్ ఆర్డర్స్‌ను సమర్థించేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ఇది జట్టు క్రీడ, జట్టు ప్రయోజనమే ముఖ్యం. క్రికెట్ అభిమానులకు ఈ వాదన కొత్త కాదు. 2004 మార్చిలో ముల్తాన్ టెస్టులో సచిన్ టెండూల్కర్ 194 పరుగుల మీద ఉండగా రాహుల్ ద్రవిడ్ ఇన్నింగ్స్ డిక్లేర్ చేసినప్పుడు మన దగ్గర జరిగిన చర్చ కూడా ఇదే. అయితే క్రికెట్‌లో మ్యాచ్ ఫలితం ఒక్కటే. ఆ ద్విశతకానికి విడిగా ప్రపంచ టైటిల్ ఏమీ లేదు. ఫార్ములా వన్‌లో మాత్రం రెండు టైటిళ్లున్నాయి. డ్రైవర్ల చాంపియన్‌షిప్ 1950లో మొదలైతే, జట్ల చాంపియన్‌షిప్ 1958లో వచ్చింది. ఏడాది చివర్లో జట్లకు అందే ప్రైజ్ మనీ జట్ల పట్టికలోని స్థానాన్ని బట్టి ఉంటుంది. ప్రేక్షకులు గుర్తుపెట్టుకునేది మాత్రం డ్రైవర్ పేరు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒకే జట్టుకు చెందిన రెండు కార్లు పరస్పరం స్థానాలు మార్చుకుంటే ఆ జట్టు మొత్తం పాయింట్లలో ఒక్క పాయింటు కూడా మారదు. 18, 15 కలిపినా, 15, 18 కలిపినా 33 పాయింట్లే. అంటే మోంజాలో మెక్‌లారెన్ జట్టుగా పొందింది, పోగొట్టుకున్నది ఏమీ లేదు. కాబట్టి ‘జట్టు ప్రయోజనం’ అనే మాట వినగానే ఏ ప్రయోజనమని అడగాలి. సాధారణంగా అది నాలుగింటిలో ఒకటై ఉంటుంది: డ్రైవర్ల టైటిల్ రేసులో ముందున్నవాడికి పాయింట్లు అందించడం, ఇద్దరూ ఢీకొనకుండా చూడటం, వేగంగా ఉన్న కారు సహచరుడి వెనక చిక్కుకుని సమయం కోల్పోకుండా చూడటం, జట్టు చేసిన పొరపాటును సరిదిద్దడం. ఈ నాలుగింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే చర్చ సగం దారి తప్పుతోంది.

ఢీకొనకుండా ఉండాలంటే

‘ఉన్న స్థానాల్లోనే ఉండండి’ అనే ఆదేశాన్ని ప్రేక్షకులు అంతగా తప్పుబట్టరు. అది లేనప్పుడు ఏం జరుగుతుందో హైదరాబాద్ కూడా చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన విద్యుత్ కార్ల పోటీ ‘ఫార్ములా-ఈ’ రేసులో టాటా మోటార్స్ యాజమాన్యంలోని జాగ్వార్ జట్టుకు పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నుంచి బయల్దేరే చోటు దక్కింది. పోల్ నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్ కారును రేసు మధ్యలో అతని సహచరుడు శామ్ బర్డ్ మలుపు దగ్గర ఢీకొట్టాడు. యజమానుల సొంత దేశంలో జరిగిన ఆ రేసులో జట్టు రెండు కార్లూ నిలిచిపోయాయి. జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు.

విజయ్ మాల్యా హయాంలో ఫోర్స్ ఇండియాకు ఇదే సమస్య ఏడాది పొడవునా ఎదురైంది. 2017లో కెనడాలో సెర్గియో పెరెజ్ ముందున్న డేనియల్ రికియార్డోను దాటలేకపోతున్నాడు. కొత్త టైర్ల మీద ఉన్న సహచరుడు ఎస్టెబాన్ ఓకాన్‌కు అవకాశం ఇవ్వమని జట్టు కోరితే పెరెజ్ ఒప్పుకోలేదు. తర్వాత బాకూలో ఇద్దరూ ఢీకొన్నారు. బెల్జియంలోని స్పాలో రెండుసార్లు ఢీకొన్నారు. దాంతో అప్పటిదాకా స్వేచ్ఛగా పోటీపడనిచ్చిన జట్టు, ఇకపై ఆదేశాలు తప్పవని ప్రకటించింది. ఆ ఏడాది జట్ల పట్టికలో నాలుగో స్థానం సాధించిన ఒక మధ్యతరహా జట్టుకు ఢీకొన్న ప్రతిసారీ పోయేది నేరుగా ఆదాయమే. ఇలాంటి చోట ఆదేశాన్ని తప్పుపట్టడం కష్టం.

కానీ ఇలాంటి ఆదేశం కూడా అస్పష్టంగా ఉంటే ప్రమాదమే. 1982 ఏప్రిల్‌లో ఇమోలాలో ఫెరారీ డ్రైవర్లు జిల్ విల్‌నెవ్, డిడియర్ పిరోనీ మొదటి రెండు స్థానాల్లో ఉండగా జట్టు వాళ్లకు నెమ్మదించమని బోర్డు చూపించింది. స్థానాలు మార్చుకోవద్దని దాని అర్థమని విల్‌నెవ్ అనుకున్నాడు. వేగం తగ్గించమనే తప్ప పోటీ వద్దని కాదని పిరోనీ తీసుకున్నాడు. చివరి ల్యాప్‌లో దాటేసి గెలిచాడు. విల్‌నెవ్ దాన్ని నమ్మకద్రోహంగా భావించాడు. రెండు వారాలు తిరగకముందే, మే 8న బెల్జియంలోని జోల్డర్‌లో, ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్ సమయంలో జరిగిన ప్రమాదంలో అతను మరణించాడు. ఆ మరణానికి ఆ గొడవే కారణమని తేల్చి చెప్పలేం. అయినా జట్టు ఆదేశాల గురించి మాట్లాడే ఎవరూ ఇమోలాను పక్కన పెట్టలేరు.

2013 మార్చిలో మలేసియాలో రెడ్‌బుల్ ఆదేశం స్పష్టంగానే ఉంది. ‘మల్టీ 21’ అంటే 2వ నంబర్ కారు ముందు, 1వ నంబర్ కారు వెనక. మార్క్ వెబర్ ముందుండాలి, సెబాస్టియన్ వెటెల్ వెనకుండాలి. వెటెల్ వినలేదు. దాటేసి గెలిచాడు. జట్టు అతన్ని ఏమీ చేయలేకపోయింది. డ్రైవర్ విలువ జట్టు విలువ కంటే ఎక్కువైన చోట ఆదేశానికి బలం ఉండదని ఆ రేసు చూపించింది. విచిత్రమేమిటంటే అదే రేసులో మూడో స్థానంలో ఉన్న లూయిస్ హామిల్టన్‌ను దాటవద్దని మెర్సిడెస్ చెబితే, వెనక వేగంగా వస్తున్న నికో రోజ్‌బర్గ్ విని ఆగిపోయాడు.

కారు దిగి అప్పగించిన రోజులు

మొదట్లో టీమ్ ఆర్డర్స్ వివాదమే కాదు. అప్పట్లో రేసు మధ్యలో ఒక డ్రైవర్ దిగిపోయి తన కారును మరొకరికి ఇచ్చే వీలుండేది. వచ్చిన పాయింట్లు ఇద్దరూ పంచుకునేవారు. 1956లో మోంజాలోనే సీజన్ చివరి రేసులో ఫెరారీ డ్రైవర్ హువాన్ మాన్యుయెల్ ఫాంజియో కారు చెడిపోయింది. పిట్‌కు వచ్చిన లుయిజీ ముస్సో తన కారు ఇవ్వడానికి సిద్ధపడలేదు. తర్వాత వచ్చిన 24 ఏళ్ల పీటర్ కాలిన్స్ దిగి ఇచ్చేశాడు. కాలిన్స్‌కు కూడా ఆ రోజు టైటిల్ అవకాశం మిగిలే ఉంది. ఆ కారుతో రెండో స్థానంలో ముగించిన ఫాంజియో చాంపియన్ అయ్యాడు. 1958లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో ప్రమాదంలో మరణించిన కాలిన్స్‌కు టైటిల్ ఎన్నడూ దక్కలేదు.

ఆ చర్యను ఈనాటికీ క్రీడాస్ఫూర్తికి ఉదాహరణగా చెబుతారు. 2002లో ఇంచుమించు అలాంటిదే జరిగితే జనం ఎగతాళిగా కేకలు వేశారు. ఈ రెండింటి మధ్య మారిందేమిటో చూస్తే వివాదం మూలం తెలుస్తుంది. కాలిన్స్ తనంతట తానే ఇచ్చాడు. అది టైటిల్ తేలే చివరి రేసు. ఎవరు ఎవరికి ఏం ఇచ్చారో స్టాండ్స్‌లోని ప్రతి ఒక్కరూ కళ్లారా చూశారు.

2002 ఆస్ట్రియా

2002 మే 12న ఆస్ట్రియాలోని ఏ1 రింగ్‌లో ఫెరారీ డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో పోల్ నుంచి బయల్దేరి గెలుపు ముంగిట నిలిచాడు. ఆ వారాంతమంతా అతను సహచరుడు మైకేల్ షుమాకర్ కంటే వేగంగా ఉన్నాడు. జట్టు మాత్రం షుమాకర్‌కు దారి ఇవ్వమని చెబుతూ వచ్చింది. బారికెల్లో చివరిదాకా వినలేదు. ముగింపు రేఖకు ముందు వేగం తగ్గించాడు. షుమాకర్ 0.182 సెకన్ల తేడాతో గెలిచాడు. పోడియం దగ్గర జనం గోల చేయడంతో షుమాకర్ బారికెల్లోను మొదటి మెట్టు మీద నిలబెట్టి ట్రోఫీ అతని చేతికిచ్చాడు.

ఆ ఆదేశం అవసరమా? రేసుకు ముందు షుమాకర్‌కు 44 పాయింట్లు, అతని దగ్గరి ప్రత్యర్థి హువాన్ పాబ్లో మోంటోయాకు 23. అది సీజన్‌లో ఆరో రేసు మాత్రమే. ఆ మార్పు వల్ల షుమాకర్‌కు అదనంగా వచ్చినవి 4 పాయింట్లు. జులైలోనే టైటిల్ ఖాయం చేసుకున్న అతను సీజన్‌ను 144 పాయింట్లతో ముగించాడు. రెండో స్థానంలో నిలిచిన బారికెల్లోకు 77. అరవై ఏడు పాయింట్ల తేడాతో గెలిచే టైటిల్ కోసం నాలుగు పాయింట్లు లాక్కున్నారు. జనం కోపానికి కారణం ఆదేశం ఉందని కాదు, దాని అవసరం లేదని. ఈ తేడాను నిబంధనలు రాసేవాళ్లు అప్పుడు పట్టించుకోలేదు.

ఈ క్రీడకు నిబంధనలు రాసే ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ జూన్‌లో విచారణ జరిపి 10 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అందులో సగం వెంటనే కట్టనవసరం లేకుండా నిలిపి ఉంచింది. అయితే ఆ జరిమానా స్థానాలు మార్చినందుకు కాదు, పోడియం మీద నియమాలు పాటించనందుకు. స్థానాలు మార్చడాన్ని తప్పుపట్టే నిబంధన అప్పటికి లేదు. ఆ లోటు తీర్చడానికి ‘రేసు ఫలితాన్ని ప్రభావితం చేసే జట్టు ఆదేశాలు నిషిద్ధం’ అనే వాక్యాన్ని 2003 సీజన్ నుంచి చేర్చారు.

నిషేధం ఉన్న ఎనిమిది సీజన్లు

ఆ వాక్యం చదవడానికి సూటిగా ఉంది. అమలులో మాత్రం ఎక్కడా నిలవలేదు. కారణం ఇంజనీర్ల చేతిలో ఉన్న సాధనాలు. స్థానాలు మార్చడానికి ‘పక్కకు తప్పుకో’ అనే మాటే అక్కర్లేదు. ఎవరిని ముందు పిట్‌కు పిలవాలి, ఎవరికి ఏ టైర్లు వేయాలి, ఎవరి ఇంజిన్‌ను తక్కువ శక్తితో నడపమనాలి, ఎవరికి ఇంధనం ఆదా చేయమని చెప్పాలి — ఇవన్నీ ప్రతి రేసులో జట్టు తీసుకునే మామూలు నిర్ణయాలే. కొత్త టైర్లు ముందుగా వేయించుకున్న కారు ఒకటి రెండు ల్యాపులు వేగంగా తిరిగి, ఆలస్యంగా పిట్‌కు వెళ్లిన కారు బయటికొచ్చేలోపే దాటేస్తుంది. దీన్నే అండర్‌కట్ అంటారు. ఇద్దరు సహచరుల్లో ఈ సౌలభ్యం ఎవరికి ఇవ్వాలో జట్టే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం వెనక ఉన్నది వ్యూహమా, ఆదేశమా అని బయటివాళ్లు తేల్చడం అసాధ్యం.

2007 బ్రెజిల్ రేసు దీనికి బలమైన ఉదాహరణ. సీజన్ చివరి రేసు అది. ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మస్సా సొంతగడ్డ మీద ముందున్నాడు. కానీ టైటిల్ అవకాశం ఉన్నది అతనికి కాదు, రెండో స్థానంలో ఉన్న కిమీ రైకొనెన్‌కు. ఇంధనం నింపుకునే పద్ధతి ఉన్న ఆ రోజుల్లో రెండో పిట్ స్టాప్‌కు మస్సా ముందు వెళ్లాడు. తేలికైన కారుతో మరో మూడు ల్యాపులు వేగంగా తిరిగి ఆగిన రైకొనెన్ ముందుకొచ్చాడు. ట్రాక్ మీద ఎవరూ ఎవరికీ దారివ్వలేదు. రైకొనెన్‌కు 110 పాయింట్లు, మెక్‌లారెన్ డ్రైవర్లు హామిల్టన్, ఫెర్నాండో అలోన్సోలకు చెరి 109. మస్సాయే గెలిచి ఉంటే రైకొనెన్ 108 దగ్గర ఆగిపోయేవాడు, ఎక్కువ రెండో స్థానాలున్న హామిల్టన్ తన తొలి సీజన్‌లోనే చాంపియన్ అయ్యేవాడు. ప్రపంచ టైటిల్‌ను మార్చిన ఆ స్థాన మార్పిడి నిషేధం అమల్లో ఉండగానే జరిగింది. దాని మీద విచారణ లేదు, గోల లేదు. మరుసటి ఏడాది చైనాలో అదే రైకొనెన్ ట్రాక్ మీదే మస్సాకు రెండో స్థానం వదిలేసినా ఎవరూ శిక్షించలేదు.

2010 జులై 25న జర్మనీలోని హోకెన్‌హైమ్‌లో మాత్రం ఫెరారీ దొరికిపోయింది. ముందున్న మస్సాకు అతని ఇంజనీర్ రాబ్ స్మెడ్లీ రేడియోలో ‘ఫెర్నాండో నీకంటే వేగంగా ఉన్నాడు, ఈ మాట నీకు అర్థమైందని చెప్పగలవా’ అన్నాడు. మస్సా నెమ్మదించాడు. అలోన్సో దాటి వెళ్లి గెలిచాడు. హంగరీలో తలకు తగిలిన దెబ్బతో మస్సా ప్రాణాపాయం దాకా వెళ్లి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. అందుకే ఆ మాట విన్నవాళ్లందరినీ అంతగా కదిలించింది. రేసులో తప్పొప్పులు తేల్చే అధికారులైన స్టీవార్డ్‌లు లక్ష డాలర్ల జరిమానా వేశారు. ఆ మాటలో ఆదేశం లేదు, సమాచారమే ఉందని జట్టు వాదించింది. సెప్టెంబర్‌లో ఎఫ్‌ఐఏ మండలి అంతకు మించి ఏ శిక్షా వేయలేదు. అదనంగా 7 పాయింట్లు పొందిన అలోన్సో ఆ ఏడాది టైటిల్‌ను 4 పాయింట్ల తేడాతో వెటెల్‌కు కోల్పోయాడు.

డిసెంబర్‌లో నిషేధాన్ని ఎత్తేశారు. 2002లో ఫెరారీ జట్టును నడిపిన జాన్ టోడ్ అప్పటికి ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు. క్రీడకు చెడ్డపేరు తెచ్చే పనులను శిక్షించే సాధారణ నిబంధన మాత్రం మిగిలింది. నిషేధం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. జట్లు ఆదేశాలు మానలేదు, వాటిని సంకేత భాషలోకి మార్చాయి. అభిమానులు ప్రతి నెమ్మది ల్యాప్‌నూ అనుమానించడం మొదలైంది.

కనిపించే ఆదేశం, కనిపించని ఆదేశం

పైన చెప్పిన లెక్కలను పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. 2002 ఆస్ట్రియాలో 4 పాయింట్లు, టైటిల్ తేడా 67. 2018 రష్యాలో గెలవబోతున్న వాల్టెరీ బోటాస్‌ను ఆపి మెర్సిడెస్ హామిల్టన్‌కు విజయం ఇప్పించింది. అతనికి 7 పాయింట్లు అదనంగా వచ్చాయి. సీజన్ చివర్లో టైటిల్ తేడా 88. 2013లో వెటెల్ మాట వినక సంపాదించిన 7 పాయింట్లకూ అంతే, ఆ ఏడాది అతను 155 పాయింట్ల తేడాతో గెలిచాడు. ఈ మూడూ సంవత్సరాల తరబడి తిట్లు తిన్నవే, ఒక్కటీ టైటిల్‌ను తాకలేదు. టైటిల్‌ను తాకిన 2007 బ్రెజిల్‌ను వివాదాల జాబితాలో చేర్చేవాళ్లే అరుదు.

అంటే కోపం ఆదేశం ప్రభావాన్ని బట్టి రాదు. అది కంటికి ఎంత స్పష్టంగా కనిపించిందన్నదాన్ని బట్టి వస్తుంది. ముగింపు రేఖ ముందు కారు ఆగితే అందరూ చూస్తారు. పిట్ స్టాప్ మూడు ల్యాపులు అటూ ఇటూ అయితే చూసేవాళ్లు తక్కువ. 2012లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఫెరారీ చేసిన పని ఇంకో మెట్టు పైన ఉంటుంది. మస్సా కారు గేర్‌బాక్స్‌ను విప్పకూడదని వేసిన సీలును జట్టే కావాలని తెంచి అతనికి 5 స్థానాల పెనాల్టీ పడేలా చేసింది. దాంతో వెనకున్న అలోన్సో ఒక స్థానం పైకి రావడమే కాకుండా, ట్రాక్ శుభ్రంగా ఉన్న వైపు నుంచి బయల్దేరే వీలు దొరికింది. రేసు మొదలుకాక ముందే అమలైన టీమ్ ఆర్డర్ అది. నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు.

బైకుల రేసు మోటోజీపీలో రేడియో ఉండదు. 2017లో మలేసియాలో ముందున్న హోర్హే లోరెంజోకు డుకాటీ జట్టు డ్యాష్‌బోర్డు మీద ‘మ్యాపింగ్ 8’ వాడమని సందేశం పంపింది. వెనక వస్తున్నది టైటిల్ అవకాశం ఉన్న సహచరుడు ఆండ్రియా డోవిజియోసో. ఇంజిన్ అమరికకు సంబంధించినట్టు కనిపించే ఆ సందేశానికి అసలు అర్థమేమిటో చూసినవాళ్లు ఇట్టే గ్రహించారు. మాట మీద నిషేధం పెడితే అది సంఖ్యగా మారుతుంది, సంఖ్య మీద పెడితే మౌనంగా మారుతుంది.

సైకిల్ రేసులో ఎందుకు తప్పు కాదు?

టూర్ డి ఫ్రాన్స్‌లో సహచరుడి కోసం తన అవకాశం వదులుకోవడం రివాజు. 2012లో లా టుసుయిర్ ఎక్కుడులో తన నాయకుడు బ్రాడ్లీ విగ్గిన్స్ కంటే బలంగా ఉన్న క్రిస్ ఫ్రూమ్ ముందుకు దూసుకెళ్లి, జట్టు చెప్పగానే ఆగి అతని కోసం ఎదురుచూశాడు. చర్చ జరిగింది కానీ మోసమని ఎవరూ అనలేదు. అక్కడ సహచరులు ముందుండి గాలిని చీలిస్తేనే నాయకుడు శక్తి మిగుల్చుకోగలడు, జట్టు లేకుండా విజయమే లేదు. ఎవరు నాయకుడో రేసుకు ముందే అందరికీ తెలుసు. విజేత ప్రైజ్ మనీని సహచరులతో పంచుకోవడం ఆచారం.

ఫార్ములా వన్‌లో గెలవడానికి సహచరుడి కారు అక్కర్లేదు. ఇద్దరినీ జట్లు సమానులుగానే ప్రకటిస్తాయి. ప్రచారమంతా ఇద్దరు వీరుల పోటీగానే సాగుతుంది. తీరా చివరి ల్యాపుల్లో ఒకరు నాయకుడని తేలితే ప్రేక్షకుడికి కలిగేది మోసపోయిన భావన. సైకిల్ రేసులో ఉన్నదీ, ఇక్కడ లేనిదీ ఆ ముందస్తు ప్రకటనే.

న్యాయం పేరుతో ఆదేశం

మెక్‌లారెన్ తన అంతర్గత నియమాలను ‘పాపాయా రూల్స్’ అంటుంది. జట్టు రంగు పేరు మీద వచ్చిన మాట అది. వాటి సారాంశం ఇద్దరికీ సమాన అవకాశం. ఆదేశం ఇచ్చినా ఒకరిని నాయకుణ్ణి చేయడానికి కాదు, జట్టు వల్ల జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే. 2024 జులైలో హంగరీలో ముందున్న పియాస్ట్రీ కంటే నోరిస్‌ను రెండు ల్యాపుల ముందు పిట్‌కు పిలవడంతో నోరిస్ ముందుకొచ్చేశాడు. ఇంజనీరు చాలాసేపు బతిమాలాక, ఇంకో రెండు ల్యాపులు మిగిలుండగా నోరిస్ స్థానం తిరిగిచ్చాడు. పియాస్ట్రీకి అది తొలి విజయం. అక్కడ స్థానం మారింది జట్టు తీసుకున్న నిర్ణయం వల్ల కాబట్టి తిరిగివ్వడంలో తర్కం ఉంది.

మోంజాలో తర్కం సగమే నిలుస్తుంది. పిట్‌కు పిలిచే వరుసను జట్టు మార్చింది, అంతవరకు బాధ్యత జట్టుదే. కానీ స్థానం పోవడానికి అసలు కారణం చక్రం బిగించడంలో ఆలస్యం. దాన్ని సరిదిద్దితే మిగతా దురదృష్టాల సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. సరిగ్గా వారం ముందు నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో రెండో స్థానంలో ఉన్న నోరిస్ కారు చెడిపోయి ఆగిపోయింది. ఆ 18 పాయింట్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. జట్టు తప్పు వల్ల లాభపడినవాడు సొంత సహచరుడై, పక్కనే ఉంటే తప్ప ఈ న్యాయం పనిచేయదు. అంటే ఇది సమానత్వ సూత్రం కాదు, వీలైన చోట మాత్రమే వర్తించే సర్దుబాటు.

అంతకంటే పెద్ద లోపం మూడో మనిషిని మరచిపోవడం. మోంజా ముగిసేసరికి వెర్‌స్టాపెన్ పియాస్ట్రీ కంటే 94 పాయింట్లు వెనకున్నాడు. ఆ మార్పిడి అతన్ని తాకుతుందని ఎవరూ అనుకోలేదు. రేడియోలో ఆ సంగతి విని అతను నవ్వాడు కూడా. సీజన్ చివరికి అతను టైటిల్ పోగొట్టుకున్నది 2 పాయింట్ల తేడాతో. సహచరుల మధ్య న్యాయం అనుకున్నది ప్రత్యర్థికి నష్టంగా మారడానికి మూడు నెలలు పట్టింది. ఇందులో మెక్‌లారెన్ దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఇంత పొడవైన సీజన్‌లో ఏ ఆదేశం ఎవరి మీద పడుతుందో ముందే తెలియదన్నది దీనితో స్పష్టమైంది.

ఆదేశాలకు దూరంగా ఉండటానికీ ఖరీదు ఉంది. 1986లో విలియమ్స్ డ్రైవర్లు నైజెల్ మాన్సెల్, నెల్సన్ పికే ఒకరి పాయింట్లు ఒకరు తినేయగా, అలన్ ప్రోస్ట్ 72 పాయింట్లతో టైటిల్ ఎగరేసుకుపోయాడు. మాన్సెల్‌కు 70, పికేకు 69. 2007లో హామిల్టన్, అలోన్సో చెరి 109 దగ్గర ఆగినప్పుడు జట్టు అదే మెక్‌లారెన్. 2025లో ఆ జట్టుకు రెండోసారి అలాంటి ముగింపు అంచుల దాకా వచ్చి తప్పిపోయింది.

ఇకపై ఏం మారవచ్చు

ఎఫ్‌ఐఏ మళ్లీ నిషేధం తెచ్చే అవకాశం తక్కువ. ఎనిమిది సీజన్ల అనుభవం కళ్లముందే ఉంది. దానికి తోడు సమస్య ఇప్పుడు రెండు కార్లు దాటి విస్తరించింది. రెడ్‌బుల్ యాజమాన్యంలో రెండు జట్లు, నాలుగు కార్లు ఉన్నాయి. 2024లో సింగపూర్‌లో సోదర జట్టు డ్రైవర్ రికియార్డో చివర్లో అత్యంత వేగవంతమైన ల్యాప్ తిరగడంతో నోరిస్‌కు రావాల్సిన ఒక పాయింటు పోయింది. ఆ పాయింటు ఇచ్చే పద్ధతిని 2025 నుంచి తీసేశారు. అబుదాబీలో చివరి రేసులో వెర్‌స్టాపెన్ సహచరుడు యూకీ సునోడా నోరిస్‌ను అడ్డుకునే క్రమంలో అటూ ఇటూ జరిగినందుకు 5 సెకన్ల పెనాల్టీ పడింది. అక్కడ శిక్ష పడింది ఆదేశానికి కాదు, కారు నడిపిన తీరుకు. ప్రస్తుత వ్యవస్థ గీత గీసింది ఆ చోటే: జట్టు ఏమైనా చెప్పవచ్చు, ట్రాక్ మీద ప్రమాదకరంగా అడ్డుపడకూడదు.

ఆ గీత భద్రతకు సరిపోతుంది. ప్రేక్షకుడి నమ్మకానికి సరిపోదు. జట్లు తమ అంతర్గత నియమాలను సీజన్‌కు ముందే బయటపెడితే — ఏ సందర్భంలో స్థానం తిరిగివ్వాలి, ఎన్ని రేసులు మిగిలినప్పుడు ఒకరికి మద్దతుగా నిలవాలి, ఏది అదృష్టం కింద వదిలేయాలి — మోంజాలో పియాస్ట్రీ రేడియోలో అడిగిన ప్రశ్నకు ఆ క్షణంలోనే జవాబు ఉండేది. జట్లు ఇందుకు ఇష్టపడవు, ఎందుకంటే వ్యూహం ముందే తెలిస్తే ప్రత్యర్థులు దాన్ని వాడుకుంటారు. టైటిల్ దగ్గరలో ఉన్నప్పుడు ఆ నియమాల నుంచి తప్పుకునే వీలూ పోతుంది. ఇక మెక్‌లారెన్ విషయానికొస్తే, నోరిస్, పియాస్ట్రీల ఒప్పందాలు 2025 తర్వాతా కొనసాగుతాయి. మోంజాలో ఇచ్చిన మూడు పాయింట్లు టైటిల్‌ను నిలబెట్టాయన్న లెక్క ఇప్పుడు ఇద్దరికీ తెలుసు కాబట్టి, మరోసారి స్థానం వదిలేయమన్న మాట వినిపిస్తే డ్రైవర్ దగ్గర నుంచి వచ్చే జవాబు అంత తేలిగ్గా ఉండకపోవచ్చు.